ఎముక క్యాన్సర్ ఆపరేషన్, ఇతర చికిత్సలు: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎముక క్యాన్సర్ ఓపీ బయట కూర్చున్న తల్లిదండ్రుల సందేహాలు ఇంచుమించు ఒకటే. డాక్టరు గదిలో ఉన్న కాసేపట్లో సగం అడగలేకపోతారు, విన్నదాంట్లో సగం బయటికొచ్చేసరికి గుర్తుండదు. అందుకే మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నల్ని, వాళ్లు అడిగే మాటల్లోనే, ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ రిపోర్టులు చూసిన డాక్టరు చెప్పే మాటే మీకు ప్రమాణం. ఆ మాట సరిగ్గా అర్థం కావడానికి ఈ పేజీ సాయపడితే చాలు.

## అనుమానం వచ్చినప్పుడు

మా బాబుకి మోకాలు నొప్పి. ఆటల్లో దెబ్బ తగిలిందనుకున్నాం. ఎప్పుడు అనుమానపడాలి?

దెబ్బ నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. గడ్డ వల్ల వచ్చే నొప్పి వారం వారం పెరుగుతుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుంది. పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య, ఒళ్లు పొడుగు సాగే వయసులో, మోకాలి చుట్టూ ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. మోకాలి తర్వాత ఎక్కువగా కనిపించేది భుజం దగ్గర. రెండు మూడు వారాలైనా నొప్పి తగ్గకపోయినా, చేతికి గట్టిగా వాపు తగిలినా, పిల్లవాడు కుంటుతున్నా ఒక ఎక్స్‌రే తీయించండి. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలిందని చూస్తే అప్పటికే ఉన్నది బయటపడుతుంది, అంతే.

ఎక్స్‌రే లేకుండా మాలిష్ చేయించకండి, ఆకు కట్టు కట్టించకండి. పుత్తూరు కట్టు కోసం బస్సెక్కే ముందు కూడా ఫిల్మ్ చేతిలో ఉండాలి. గడ్డ మీద గట్టిగా రుద్దితే ఎముక విరగొచ్చు, చికిత్స మొదలుకావాల్సిన వారాలు కట్టులోనే గడిచిపోతాయి.

ఎక్స్‌రేలో గడ్డ ఉందన్నారు. అది క్యాన్సరేనా?

కానక్కర్లేదు. ఎముకలో చీము, టీబీ, ప్రమాదం లేని గడ్డలు కూడా అలాగే కనిపిస్తాయి. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య మోకాలి దగ్గర వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్ చాలావరకు క్యాన్సర్ కాదు. అయితే ఎముకను తినేస్తుంది కాబట్టి ఆపరేషన్ కావాలి. దాన్ని లోపలినుంచి గీకి శుభ్రం చేసి, ఆ గుంతలో బోన్ సిమెంటు నింపుతారు. నలభై దాటినవాళ్లలో ఎముక గడ్డ అంటే వేరే చోటి క్యాన్సర్ ఎముకకి పాకడం, లేదా మల్టిపుల్ మైలోమా (మజ్జలో పుట్టే ఒక రక్త క్యాన్సర్) అయ్యే అవకాశమే ఎక్కువ. ఎక్స్‌రే అనుమానం వరకే చెబుతుంది. తేల్చేది బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష.

ఎముక క్యాన్సర్లన్నిటికీ ఒకటే చికిత్సా?

కాదు. పక్కింటివాళ్ల అబ్బాయికి చేసినట్టు మీ అబ్బాయికి చేయకపోవడానికి కారణం అదే. ఆస్టియోసార్కోమాకి కీమో, ఆపరేషన్ రెండూ కావాలి, రేడియేషన్ పెద్దగా పనిచేయదు. యూయింగ్ సార్కోమాకి కీమో తప్పనిసరి. దానితోపాటు ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ, కొందరికి రెండూ చేస్తారు. ఎక్కువగా నలభై దాటినవాళ్లకు వచ్చే కాండ్రోసార్కోమా మామూలు రకానికి కీమో, రేడియేషన్ రెండూ అంతగా లొంగవు. దానికి ఆపరేషనే ప్రధానం.

## బయాప్సీ, స్కాన్లు

మా ఊరి డాక్టరు గారు చిన్న కోత పెట్టి ముక్క తీస్తామంటున్నారు. ఇక్కడే చేయించేయమంటారా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

బయాప్సీ సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకుని ఉండే అవకాశం ఉంటుంది. అందుకే పెద్ద ఆపరేషన్‌లో గడ్డతోపాటు ఆ దారిని, పైన చర్మం మీది మచ్చతో సహా, ఒకే ముక్కగా తీసేస్తారు. సూది సరైన చోట పడితే ఆ దారి ఎలాగూ కోయబోయే గీతలోనే ఉంటుంది. అడ్డంగా కోత పెట్టినా, ముఖ్యమైన నరం రక్తనాళం పక్కనుంచి వెళ్లినా, లోపల రక్తం గడ్డకట్టి చుట్టూ పాకినా ఆ భాగమంతా తీయాల్సి వస్తుంది. నిలబెట్టుకోగలిగిన కాలు ఒక్కోసారి అక్కడే పోతుంది.

అమెరికాలో హెన్రీ మాన్కిన్ బృందం 1982లో, మళ్లీ 1996లో దీన్ని లెక్కకట్టింది. చికిత్స చేయబోయే కేంద్రంలో కాకుండా బయట బయాప్సీ చేసినప్పుడు పొరపాట్లు, ఇబ్బందులు 2 నుంచి 12 రెట్లు ఎక్కువని రెండోసారి తేలింది. మీ ఊరి డాక్టరు మంచివారే కావచ్చు. ఆయన చేయగల పెద్ద మేలు ఎక్స్‌రే చూడగానే అనుమానించి, చెయ్యి పెట్టకుండా పంపించడం. పెద్ద ఆపరేషన్ చేయబోయే సర్జన్ గానీ, ఆయన చెప్పిన చోట రేడియాలజిస్టు గానీ బయాప్సీ చేయాలి. చాలావరకు మత్తు సూదితో, లావు సూదితోనే అయిపోతుంది.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందంటున్నారు బంధువులు. బయాప్సీ మానేస్తే?

సరైన చోట, సరైన పద్ధతిలో చేసిన బయాప్సీ వల్ల జబ్బు ఒళ్లంతా పాకదు. ఏ రకమో తెలియకుండా కీమో ఇవ్వడం కుదరదు. బంధువులు చెప్పే కథల్లో చాలావరకు అప్పటికే పాకిన జబ్బు బయాప్సీ తర్వాత బయటపడినవే.

ఇన్ని స్కాన్లు ఎందుకు రాస్తున్నారు?

గడ్డ ఉన్న చోట మాత్రమే కాక ఆ ఎముక మొత్తానికీ ఎమ్మారై తీస్తారు, ఎందుకంటే అదే ఎముకలో పైనెక్కడో ఇంకో చిన్న మచ్చ ఉండొచ్చు. ఈ ఎమ్మారై బయాప్సీకి ముందే అయితే మంచిది. సూది పడ్డాక లోపలి రక్తం, వాపు వల్ల బొమ్మ మసకబారుతుంది. ఎముక క్యాన్సర్ ముందుగా ఊపిరితిత్తులకు పాకుతుంది కాబట్టి ఛాతీ సీటీ, మిగతా ఎముకల కోసం బోన్ స్కాన్ లేదా పెట్ సీటీ తీస్తారు. ఫిల్ములతోపాటు సీడీలు కూడా అడిగి తెచ్చుకోండి. ఇంకో ఆస్పత్రికి వెళ్తే కాగితం రిపోర్టుకన్నా వాటి అవసరమే ఎక్కువ.

గడ్డ ఉన్నచోట ఎముక విరిగింది. ఇక కాలు తీసేయాల్సిందేనా?

తప్పనిసరి కాదు. కదలకుండా కట్టు వేసి కీమో మొదలుపెడితే చాలామందికి ఎముక అతుక్కునే అవకాశం ఉంది, కాలు నిలిపే ఆపరేషన్ కూడా చేయగలుగుతున్నారు. మామూలు ఫ్రాక్చర్ అనుకుని రాడ్డు వేయించడం మాత్రం ప్రమాదం. రాడ్డు ఎముక మజ్జ పొడవునా వెళ్తూ క్యాన్సర్ కణాల్ని చివరిదాకా తోసుకెళ్తుంది. చిన్న దెబ్బకే విరిగితే, విరగక ముందునుంచే అక్కడ నొప్పి ఉంటే, రాడ్డు వేసే ముందు ఆ సంగతి డాక్టరుకు గట్టిగా చెప్పండి.

మనవైపు ఎక్కడికి తీసుకెళ్లాలి?

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. రాయలసీమవాళ్లు తిరుపతి, వేలూరు సీఎంసీ, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్తుంటారు. క్లిష్టమైన కేసులకు ముంబై పరేల్‌లోని టాటా మెమోరియల్ ఉంది. ఎక్కడికి వెళ్లినా ఒక మాట అడగండి: ఎముక సార్కోమాలు (ఆస్టియోసార్కోమా, యూయింగ్ లాంటివి) క్రమం తప్పకుండా చేసే సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, బయాప్సీ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు కలిసి కేసు చూస్తారా? భవనం ఎంత పెద్దదన్నదానికన్నా ఈ ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం.

## ఆపరేషన్‌కి ముందు కీమో

గడ్డ కళ్లముందు కనిపిస్తోంది. వెంటనే తీసేయకుండా కీమో ఎందుకు?

1970లకు ముందు కీమో లేని రోజుల్లో ఆస్టియోసార్కోమాకి కాలు తీసేసినా, ఎక్కువకాలం బతికేవారు ఐదుగురిలో ఒక్కరు కూడా ఉండేవారు కాదు. స్కాన్‌కి దొరకని కణాలు అప్పటికే ఊపిరితిత్తుల్లో ఉండేవి. కీమో వాటి కోసం. ఇప్పుడు పాకకముందే దొరికి, చికిత్స మొత్తం పూర్తిచేసినవాళ్లలో 100కి 60 నుంచి 70 మంది ఐదేళ్లు దాటుతున్నారు. ఇంకో లాభం కూడా ఉంది. కీమోతో గడ్డ చుట్టూ వాపు తగ్గి అంచు గట్టిపడుతుంది, కాలు నిలిపే ఆపరేషన్ సులువవుతుంది. ఆ వారాల్లోనే సర్జన్ కొలతలు తీసుకుని ఇంప్లాంటు సిద్ధం చేయిస్తారు. మీరు వృథా అనుకునే రోజుల్లో ఇంత పని జరుగుతుంది.

ఏ మందులు ఇస్తారు? ఎన్నాళ్లు పడుతుంది?

ఆస్టియోసార్కోమాకి విదేశాల్లో ఎక్కువగా హై డోస్ మెథోట్రెక్సేట్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ వాడతారు. మెథోట్రెక్సేట్‌కి రక్తంలో మందు స్థాయి రోజూ కొలవాలి, ఖర్చూ ఎక్కువ. అందుకే మన దేశంలో చాలా కేంద్రాలు దాని బదులు ఐఫోస్ఫమైడ్ కలిపి ఇస్తాయి. టాటా మెమోరియల్ రూపొందించిన ఓజీఎస్-12 పద్ధతి అలాంటిదే. మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు అనుకోండి. యూయింగ్‌కి మందులు వేరు, ఏడాది దాకా పట్టొచ్చు. డాక్సోరూబిసిన్ గుండె మీద, సిస్‌ప్లాటిన్ చెవుల మీద, కిడ్నీల మీద ప్రభావం చూపుతాయి. మధ్యమధ్య టూడీ ఎకో (గుండె స్కాన్), వినికిడి పరీక్ష రాసేది అందుకే, వాటిని ఎగ్గొట్టకండి.

కీమో మధ్యలో జ్వరం వస్తే డోలో వేసి తెల్లారాక తీసుకెళ్లొచ్చా?

ఆగకండి. థర్మామీటరులో 100.4 దాటితే అది అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి బయల్దేరాల్సిన జ్వరమే. తెల్ల కణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. దారిలో ఏ ఆస్పత్రిలో ఆగినా "కీమో జరుగుతోంది, కౌంటు చూడండి" అన్నది మొదటి మాట కావాలి.

ఏం పథ్యం చేయాలి? పప్పు, పులుపు పెడితే చీము పడుతుందంటున్నారు మా అత్తగారు.

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. కుట్లు మానాలంటే మాంసకృత్తులు కావాలి: పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడి మాంసం, ఏది తినగలిగితే అది పెట్టండి. వికారంగా ఉన్న బిడ్డ కాస్త నిమ్మకాయ పులిహోర అడిగితే సంతోషంగా కలిపి పెట్టండి, నోట్లో పుళ్లుంటే మాత్రం పులుపు, కారం మంటపుడతాయి. కౌంటు తక్కువున్న రోజుల్లో పానీపూరీ, బండి మీది పండ్ల ముక్కలు, పచ్చిగుడ్డు వద్దు. ఇంట్లో అప్పుడే వండిన వేడి అన్నాన్ని మించింది లేదు.

కీమో అయ్యాక మా వాడికి పిల్లలు పుట్టరా?

కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా ఐఫోస్ఫమైడ్, సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు పెరిగేకొద్దీ, ఆ సమస్య రావొచ్చు. యుక్తవయసు వచ్చిన అబ్బాయిలైతే మొదటి కీమోకి ముందే వీర్యాన్ని భద్రపరచుకోవచ్చు, అందుకు ఒకటి రెండు రోజులు చాలు. అమ్మాయిల విషయంలోనూ దారులున్నాయి, కానీ సమయం కావాలి. సిగ్గుపడి అడగరు, హడావుడిలో చెప్పేవారూ ఉండరు. కీమో మొదలయ్యాక ఈ అవకాశం మళ్లీ రాదు, కాబట్టి నోరు తెరిచి అడగండి.

## ఆపరేషన్

కాలు తీసేస్తారా? నిలుపుతారా?

అనుభవమున్న కేంద్రాల్లో 100కి 85 మందికి పైగా కాలు, చెయ్యి నిలుస్తున్నాయి. నిలపడానికి షరతు ఒకటే: చుట్టూ కొంత మంచి కండతో సహా గడ్డ పూర్తిగా రావాలి, ముఖ్యమైన నరాలు, రక్తనాళాలు దాని గుప్పిట్లో ఉండకూడదు. ఆ షరతు తీరితే కాలు తీసేసినవాళ్లూ, నిలిపినవాళ్లూ బతికే అవకాశం ఇంచుమించు సమానం. "కాలు ఉంచితే జబ్బు మళ్లీ వస్తుందేమో, తీసేయండి" అని భయంతో అడిగే తండ్రులుంటారు. "ప్రాణం పోయినా సరే కాలు తీయొద్దు" అనేవారూ ఉంటారు. రెండూ ప్రేమతోనే అంటారు. సర్జన్‌ని "అంచు శుభ్రంగా వస్తుందా?" అని అడగండి, మిగతా నిర్ణయం ఆ జవాబు నుంచే రావాలి.

తీసిన ఎముక స్థానంలో ఏం పెడతారు?

ఎక్కువమందికి మెగా ప్రొస్థెసిస్, అంటే పోయిన ఎముకనీ కీలునీ కలిపి భర్తీచేసే లోహపు ఇంప్లాంటు. దిగుమతి చేసుకునేవి చాలా ఖరీదు. టాటా మెమోరియల్ అభివృద్ధి చేయించిన టీఎంహెచ్-నైస్ లాంటి దేశీయ ఇంప్లాంట్లు వచ్చాక సామాన్యులకు కూడా అందుతున్నాయి.

కీలు పాడవకుండా ఎముక మధ్యలోనే గడ్డ ఉంటే ఇంకో దారి ఉంది. ఆ ఎముకను బయటికి తీసి, గడ్డ అంటిన కండను శుభ్రం చేసి, రేడియేషన్ యంత్రం కింద ఒకేసారి 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు ఇచ్చి కణాల్ని చంపి, అదే ఎముకను తిరిగి అదే చోట ప్లేట్లతో బిగిస్తారు. ఆ వేళ ఆపరేషన్ థియేటరు నుంచి స్టెరైల్ సంచుల్లో చుట్టిన ఎముక రేడియేషన్ విభాగానికి వెళ్లి వస్తుంది, రోగి మత్తులోనే ఉంటాడు. మనిషి సొంత ఎముక కాబట్టి కొలత సరిగ్గా సరిపోతుంది. అతుక్కోవడానికి మాత్రం నెలలు పడుతుంది, అందాకా బరువు మోపనివ్వరు. కొన్నిచోట్ల రేడియేషన్ బదులు లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచుతారు. పిక్క పక్కనుండే సన్న ఎముక, పక్కటెముక, కాలర్ ఎముక లాంటివైతే తీసేసి ఊరుకున్నా జీవితం సాగుతుంది.

మోకాలి కింద గడ్డ తీసినప్పుడు పిక్క కండలో ఒక భాగాన్ని ముందుకు తిప్పి లోహం మీద దుప్పటిలా కప్పుతారు. అక్కడ చర్మం పలచన, ఆ కండ లేకపోతే గాయం విచ్చుకుని ఇన్‌ఫెక్షన్ లోపలికి చేరుతుంది. పిక్క సన్నబడిందని తర్వాత కంగారుపడకండి.

మా పాపకి తొమ్మిదేళ్లు. ఇంకా ఎదగాలి కదా, ఒక కాలు పొట్టిగా అయిపోదా?

మోకాలి దగ్గరి ఎదుగుదల పొర గడ్డతోపాటు పోతే తేడా వస్తుంది. పొడవు పెంచే ఇంప్లాంట్లున్నాయి. కొన్నిటికి చిన్న కోత కావాలి, కొన్నిటిని బయటనుంచి అయస్కాంతంతో సాగదీస్తారు. రెండో రకం ఖర్చు చాలా కుటుంబాలకు అందదు. ఎదుగుదల కొంచెమే మిగిలి ఉంటే చెప్పులో ఎత్తు వేయడంతో గానీ, రెండో కాలి ఎదుగుదలను సమయం చూసి ఆపడంతో గానీ సరిపెట్టొచ్చు.

రొటేషన్‌ప్లాస్టీ అన్నారు. పాదం వెనక్కి తిప్పుతారట, భయమేస్తోంది.

మోకాలిని, చుట్టూ గడ్డ ఉన్న భాగాన్ని తీసి, కింది కాలిని సగం చుట్టు తిప్పి తొడకు అతికిస్తారు. మడమ వెనక్కి కాక ముందుకు ఉంటుంది, చీలమండ మోకాలి పని చేస్తుంది. దాని మీద కృత్రిమ కాలు తొడుగుతారు. చూడటానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఇలా చేయించుకున్న పిల్లలు పరుగెత్తుతారు, సైకిల్ తొక్కుతారు, లోపల అరిగిపోయే లోహమేమీ ఉండదు. సరేననే ముందు ఇప్పటికే చేయించుకున్న బిడ్డని ఒకసారి చూపించమని సర్జన్‌ని అడగండి. ఫొటో చూస్తే కలిగే భయం, ఆ బిడ్డ నడక చూస్తే చాలావరకు పోతుంది.

కాలు తీయక తప్పదన్నారు. తర్వాత జీవితం ఎలా?

కృత్రిమ కాలు కోసం ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి. 1975 నుంచి జైపూర్‌లో పనిచేస్తున్న భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఉచితంగా జైపూర్ కాలు ఇస్తుంది, వేర్వేరు ఊళ్లలో శిబిరాలూ పెడుతుంది. లేని పాదం నొప్పి పెడుతోందని బిడ్డ చెబితే నమ్మండి. అది నరాల నొప్పి, దానికి మందులున్నాయి.

ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో "నెక్రోసిస్ 70 శాతం" అని ఉంది. అంటే?

కీమోకి గడ్డలో ఎంత భాగం చచ్చిపోయిందో ఆ అంకె చెబుతుంది. 90 శాతం, ఆపైన ఉంటే బాగా లొంగినట్టు. తక్కువుంటే మళ్లీ వచ్చే అవకాశం కొంత ఎక్కువ, కానీ అది తీర్పు కాదు. మందులు ఇంకా పెంచితే లాభమా అని యూరామోస్-1 అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చూసింది, అదనపు మేలు కనిపించలేదు. కాబట్టి డాక్టరు పాత మందులే కొనసాగిస్తే నిర్లక్ష్యం అనుకోకండి. అంకెతోపాటు "మార్జిన్" అన్న వరుస కూడా చూడండి, అది నెగెటివ్, అంటే తీసిన ముక్క అంచులో కణాలు లేవు, అని ఉండాలి.

## రేడియేషన్, మిగతా దారులు

రేడియేషన్ పెట్టించి ఆపరేషన్ తప్పించుకోవచ్చా?

యూయింగ్‌లో, అందునా కటి ఎముక, వెన్నెముక లాంటి పూర్తిగా తీయడం కష్టమైన చోట్ల, రేడియేషనే ప్రధాన చికిత్స కావొచ్చు. ఆస్టియోసార్కోమాలో ఆపరేషన్ సాధ్యంకానప్పుడు, లేదా అంచులో కణాలు మిగిలినప్పుడు వాడతారు. వెన్నుపాము పక్కన ఉన్న గడ్డలకు ప్రోటాన్ చికిత్స అనే ఒక రకం రేడియేషన్ ఉపయోగపడుతుంది. 2019 నుంచి చెన్నైలో అపోలో దగ్గర ఉంది, తర్వాత టాటా వాళ్ల నవీ ముంబై కేంద్రంలో మొదలైంది. మోకాలి గడ్డకి ప్రోటాన్ కోసం ఇల్లు అమ్మకండి.

ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు. ఇక ఇంటికి తీసుకెళ్లిపోవాలా?

వద్దు. మచ్చలు కొన్నే ఉండి అన్నీ తీయగలిగితే, కాలి ఆపరేషన్‌తోపాటు ఛాతీ ఆపరేషన్ కూడా చేస్తారు. అలా పూర్తిగా నయమైనవాళ్లున్నారు. పాకని జబ్బంత అవకాశం ఉండదన్నది నిజమే. మచ్చలన్నీ తీయగలరా లేదా అన్నది ఛాతీ సర్జన్ చూసి చెప్పాలి, రిపోర్టు చదివిన బంధువు కాదు.

అమ్మకి రొమ్ము క్యాన్సర్, తుంటి ఎముకకి వచ్చింది. ఆమెకీ ఇంత పెద్ద ఆపరేషన్ చేస్తారా?

సాధారణంగా చేయరు. అది రొమ్ము క్యాన్సరే కాబట్టి అసలు మందులు దానికే ఇస్తారు. ఎముకకి జోలెడ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ ఇంజెక్షన్, నొప్పికి రేడియేషన్ ఇస్తారు. చాలామందికి 8 గ్రేల ఒక్క సిట్టింగుతోనే నొప్పి తగ్గుతుంది. విరిగేలా ఉంటే ముందే రాడ్డు వేస్తారు, అప్పుడామె మంచాన పడకుండా నడవగలుగుతుంది.

## ఆపరేషన్ తర్వాత

ఎప్పుడు నడుస్తాడు? బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా?

తొడ వైపు ఇంప్లాంటు అయితే కొద్ది రోజుల్లోనే వాకర్‌తో నిలబెడతారు. మోకాలి కింద అయితే మోకాలి చిప్పను కింది ఎముకకు కలిపే స్నాయువును తిరిగి అతికిస్తారు కాబట్టి ఆరు వారాలదాకా మోకాలు వంచనివ్వరు, ఆ తర్వాత వంచే వ్యాయామాలు మొదలవుతాయి. మోకాలి ఇంప్లాంటు ఉన్నవాళ్లు గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, దూకడం, క్రికెట్ మానాలి. ఈత, సైకిల్, నడక పర్వాలేదు. ఇంటికి రాకముందే వెస్టర్న్ కమోడ్ గానీ, గుంతున్న కుర్చీ గానీ సిద్ధం చేయండి. కుట్లు మానితే మూడు వారాల్లోపే కీమో మళ్లీ మొదలుకావాలి. కాలు బాగుంది కదా అని ఇక్కడే కొందరు ఆపేస్తారు. దయచేసి ఆపకండి, ఊపిరితిత్తుల్లో మిగిలిన కణాలకు కాలి సంగతి తెలియదు.

ఇంప్లాంటు జీవితాంతం ఉంటుందా?

కుర్రవాడికి వేసింది జీవితాంతం ఉండకపోవచ్చు. కీలులోని బుష్ (ఇంప్లాంటు కీలులో అరిగే చిన్న భాగం) అరిగితే దాన్నొక్కటే మార్చే చిన్న ఆపరేషన్ సరిపోతుంది, వదులైతే పెద్దది కావాలి. ఎన్నేళ్లయినా సరే, ఆ చోట ఎరుపు, వేడి, కొత్త నొప్పి కనిపిస్తే వెంటనే చూపించాలి.

## ఖర్చు, కాగితాలు

ఆరోగ్యశ్రీలో అవుతుందా? మిగతాది ఎలా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద కీమో, ఆపరేషన్, రేడియేషన్‌లకు ప్యాకేజీలున్నాయి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఇంప్లాంటు ఖర్చు ఎంతవరకు వస్తుందో, ఏ రకానికి వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కీమో రోజుల్లోనే అడగండి. చాలకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్ఓసీకి (ఖర్చు చెల్లిస్తామని ఆస్పత్రికి ఇచ్చే హామీ లేఖ) దరఖాస్తు చేయొచ్చు, అది ఆపరేషన్‌కి ముందే కదలాలి. చికిత్సకు రైల్లో వెళ్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి రాయితీ, తోడుకి 75 శాతం ఉంది. ఆస్పత్రి ఇచ్చే రైల్వే ఫారం మీద డాక్టరు సంతకం కావాలి.

చికిత్స అయిపోయింది. ఇంకా ఎన్నాళ్లు తిరగాలి?

మొదటి రెండేళ్లు రెండు మూడు నెలలకోసారి, ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి వెళ్లాలి. ప్రతిసారీ ఆపరేషన్ చేసిన చోటుకి ఎక్స్‌రే, ఛాతీకి ఎక్స్‌రే లేదా సీటీ తీస్తారు. దగ్గు, ఆయాసం, కొత్త నొప్పి ఏది వచ్చినా తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లండి. డాక్సోరూబిసిన్ తీసుకున్నవాళ్లు ఏళ్లు గడిచాక కూడా అప్పుడప్పుడు టూడీ ఎకో చేయించుకోవాలి, ఆడపిల్లలైతే గర్భం దాల్చేముందు తప్పక. ఈలోగా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకి దరఖాస్తు చేసుకోండి, అంగవైకల్యం శాతాన్ని బట్టి కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. డిశ్చార్జి సమ్మరీ, ఇంప్లాంటు స్టిక్కరు, కీమో మోతాదుల చార్టు ఒకే ఫైల్లో పెట్టి, వాటి ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.